కింది తూము

స్టేషన్ రోడ్డులో మెన్సిమా కుట్టుకొట్టు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. ఇంటి ముందు గదే కొట్టు. అందులో మూడు మిషన్లు, నిలువెత్తు అద్దం, మూలన గుడ్డ కత్తిరింపుల బస్తా. మిషన్లనూ వాటి ముందు పీటలనూ ఆమె మోకాలెత్తు సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టుకుంది. కొత్తగా కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు, ఏమిటమ్మా సింహాసనమెక్కి కుడతావా అని నవ్వేవారు. ఒక్క జూన్ నెల ఆ వీధిలో గడిపినవాళ్ళెవరూ మళ్ళీ నవ్వలేదు.

ఆ రోడ్డు కింద ఒక పాత తూము ఉంది. రైలు స్టేషన్ కట్టినప్పుడు తెల్లదొరలు వేయించిన మట్టి గొట్టం. కొండ మీద కురిసిన వానంతా అందులో దిగి, స్టేషన్ రోడ్డు అడుగునా, పట్టాలు దాటాక ఉప్పువాడ అడుగునా నడిచి ఉప్పుటేటిలో కలవాలి. వేసిననాడు కొండంతా చెట్లే. తరువాత తరువాత ఇళ్ళు లేచాయి, నీరు ఇంకే నేల తగ్గిపోయింది, గొట్టం అక్కడక్కడా పగిలి మట్టితో పూడింది. పెద్ద వాన పడ్డప్పుడల్లా నీళ్ళు గొట్టంలోకి దిగడం మాని వీధిలోనే నిలిచేవి. ఇళ్ళలోకి వచ్చేవి. రోడ్డు ఎక్కడ కుంగుతుందో తెలియక లారీలవాళ్ళు చుట్టు తిరిగి పోయేవారు.

మెన్సిమా భర్త క్వేసీ అబాకా మెథడిస్టు బడిలో లెక్కల మాస్టారు. ఒక ఏడు జూన్‌లో, నీళ్ళు గుమ్మం ఎక్కుతుంటే, వీధి మూలన తూము జాలీకి అడ్డుపడ్డ చెత్త తీస్తానని కర్ర పట్టుకుని దిగాడు. నీళ్ళ కింద ఏదో రేకు పాదానికి కోసుకుంది. చిన్న గాయమే కదా అని గుడ్డ చుట్టుకుని మర్నాడు బడికి పోయాడు. తొమ్మిదో రోజున ధనుర్వాతంతో దవడ బిగుసుకుంది. పదమూడో రోజున పోయాడు.

ఇల్లు అతను కట్టుకున్నది కాదు, వాళ్ళ తల్లి వైపు వంశానిది. నలభయ్యో రోజు తంతు అయ్యాక పెద్దలు అరుగు మీద కూర్చుని ఇంటి సంగతి ఎత్తారు. వాళ్ళలో ఇల్లు భార్యకి కాదు, తోబుట్టువుకి వస్తుంది గనక అడగవలసింది క్వేసీ అక్క ఒటువాని. ఆమె ఉప్పువాడలో మట్టిగోడల ఇంట్లో ఉంటుంది, చేపలు పొగబెట్టి అమ్ముతుంది. మొగుడు కొబినా ఎజీర్ ఒకప్పుడు పడవ యజమాని. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పటి నుంచి ముందు గదిలో నులకమంచం మీదే ఉంటాడు. ఒటువా ఆ మంచాన్ని పైకి, స్టేషన్ రోడ్డుకి తెచ్చుకుంటానంటే కాదనేవాళ్ళు లేరు. మెన్సిమా తన ఇద్దరు ఆడపిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకుని, బట్టలు ఎక్కడ సర్దుకోవాలో అప్పటికే మనసులో లెక్కలు వేసుకుంటోంది.

ఒటువా పెద్దల వైపు తిరిగింది. "ఆ మిషన్లు దింపి మళ్ళీ ఎక్కించే ఓపిక ఇక్కడెవరికుంది? ఉన్నదాన్ని ఉండనివ్వండి" అంది. ఆ మాట మీదే అందరూ లేచారు. ఆ తరువాత ఆమె ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. వారానికోసారి పొగచేపలు ఆకులో చుట్టి తెచ్చి పడేసి, పిల్లల నెత్తి మీద ఒక్కొక్క మొట్టికాయ వేసి పోయేది.

క్వేసీ పోయిన ఏడాదికి మెన్సిమా తూము మార్చమని అర్జీ రాసింది. వీధిలో అందరిచేతా సంతకాలు పెట్టించి పట్టణ కార్యాలయంలో ఇచ్చింది. జవాబు లేదు. మళ్ళీ రాసింది. మంగళవారం మంగళవారం వెళ్ళి బల్ల ముందు నిలబడేది. అక్కడి గుమాస్తాలు ఆమెకు తూము మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసినా ఆమె వెళ్ళడం మానలేదు. మూడేళ్ళ తరువాత, అక్టోబరులో, తూములు మార్చే పని మంజూరైందని కబురొచ్చింది. వీధికి ఒక కమిటీ కావాలన్నారు. మందుల కొట్టు డాడ్జీ, రిటైరైన రైల్వే గుమాస్తా ఒకాయన, మెన్సిమా. ఈ ముగ్గురూ కమిటీ.

కాంట్రాక్టరు తరపు ఇంజనీరు పేరు ఎసుమాన్. ముప్ఫై ఏళ్ళు దాటని మనిషి, నెమ్మదస్తుడు. ఒకరోజు మధ్యాహ్నం కాగితం పట్టుకుని కొట్టుకి వచ్చాడు. డాడ్జీ, గుమాస్తా అప్పటికే సంతకాలు పెట్టేశారు. మూడో చోటు ఖాళీగా ఉంది.

పని నిజానికి కింది నుంచి, ఉప్పుటేటి దగ్గర నుంచి మొదలుపెట్టాలని అతను చెప్పాడు. కానీ ఉప్పువాడలో తూము పోయే దారి మీద పదకొండు పాకలు, పొగపొయ్యిలు ఉన్నాయి. వాటిని ఎక్కడికి జరపాలో తేలలేదు. అది తేలేదాకా ఆగితే ఈ ఏడాదికి మంజూరైన డబ్బు వెనక్కి పోతుంది. అందుకని ముందు స్టేషన్ రోడ్డులో పెద్ద తూములు వేసేసి, ఉప్పువాడ పని తరువాత చూద్దామని పైవాళ్ళు అనుకున్నారు. అలా చేయడానికి మాకు అభ్యంతరం లేదని కమిటీ ముగ్గురూ రాసివ్వాలి. ఒక్కరు కాదన్నా కాగితం ముందుకు కదలదు.

"పైన పెద్దది వేసి కింద పాతదే ఉంచితే ఏమవుతుంది?" అని మెన్సిమా అడిగింది.

ఎసుమాన్ కాగితం మిషన్ మీద పెట్టాడు. "ఇప్పుడు మీ వీధిలో నిలబడుతున్న నీళ్ళు అప్పుడు నిలబడవాంటీ. ఒక్క ఊపున కిందకి పోతాయి. కిందది చిన్నది, సగం పూడిపోయింది. పట్టదు."

"పట్టకపోతే?"

"ఉప్పువాడలో పైకి లేస్తాయి."

"వానల్లోపు కిందది కూడా అయిపోతుందన్నారుగా?"

"పైవాళ్ళు అంటున్నారు."

"నువ్వేమంటావు?"

"నేనైతే సంతకం పెట్టనాంటీ" అన్నాడు. అని, ఆ మాట తాను అన్నట్టు ఎవరితోనూ చెప్పొద్దని కూడా బతిమాలాడు.

కాగితం వదిలేసి వెళ్ళాడు. మెన్సిమా దాన్ని అద్దం వెనక దోపి ఆ పూటంతా కుట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం డాడ్జీ వచ్చాడు. మూడేళ్ళు అందరూ నవ్వుతున్నా తిరిగింది నువ్వు, ఇప్పుడు నోటి దగ్గరికి వచ్చాక వెనక్కి నెడతావా అన్నాడు. ఉప్పువాడకు అలవాటేనన్నాడు, అక్కడ ప్రతి ఏడూ మడమలదాకా వస్తూనే ఉంటాయి, ఈ ఒక్క ఏడూ ఇంకో జానెడు ఎక్కువ వస్తాయేమో, వాళ్ళు మంచాలెత్తుకుంటారు. మనం నాలుగేళ్ళ కిందట ఒక మనిషిని పోగొట్టుకున్నాం అని కూడా అన్నాడు. ఆ మాట అతను అనకుండా ఉండవలసింది. మెన్సిమాకి క్వేసీ బిగుసుకున్న దవడ, పళ్ళ సందులోంచి చెంచాతో నీళ్ళు పోయడానికి తాను పడ్డ పాటు కళ్ళముందుకొచ్చాయి. అద్దం వెనక నుంచి కాగితం తీసింది. ఒటువా గుర్తుకు రాలేదని తరువాత ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకుందామనుకున్నా కుదరలేదు. కలం పెట్టే క్షణంలో ఆమెకు ఉప్పువాడ ఇల్లు, నులకమంచం స్పష్టంగా కనిపించాయి. వానల్లోపు అయిపోతుందిలే అనుకుని పెట్టింది.

నవంబరులో తవ్వకం మొదలైంది. తారు కోసేసి, ప్రొక్లెయిన్‌తో రోడ్డు నడిబొడ్డున రెండాళ్ళ లోతు కందకం తీశారు. నాలుగు నెలలు వీధంతా ఎర్రదుమ్ము. పెళ్ళిబట్టల మీద దుమ్ము పడకుండా మెన్సిమా కొట్టు గుమ్మానికి తడిగుడ్డ కట్టింది. పాత గొట్టం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. దానిలో చెట్ల వేళ్ళు, రైలు బొగ్గు, సీసాలు, ఒక గొడుగు ఊచ. ఒకరోజు పనివాడొకడు నల్లబడ్డ గుడ్డపేలికల ముద్ద పారతో ఎత్తి, ఆంటీ ఇవి మీ కొట్టువేనా అని అరిచాడు. వీధివాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రంగులు పోయినా నేత బట్టి చూస్తే అవి తన కత్తిరింపులే.

జనవరిలో ఒటువా చేపలు పట్టుకుని వచ్చి, కందకం అంచున నిలబడి, లోపల దింపుతున్న సిమెంటు తూముని చూసింది. పనివాళ్ళిద్దరు దానిలో వంగకుండా నడిచిపోతున్నారు.

"అబ్బో, ఇందులో కాపురం పెట్టొచ్చే" అంది. "మా వైపు ఎప్పుడొస్తుందట?"

"త్వరలోనే వదినా."

"రానీ. మీ అన్నయ్య ఆ మంచం మీంచి వానని చూసి పసిపిల్లాడిలా భయపడతాడు. పడవ నడిపిన మనిషి." ఒటువా నవ్వి, చేపల పొట్లం ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది.

మార్చిలో కొత్త తారు పరిచారు. పట్టాల దగ్గర కొత్త తూము నోటిని పాత గొట్టానికి సిమెంటుతో అతికించి, యంత్రాలు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. ఉప్పువాడ పాకల మాట తేలలేదు. మెన్సిమా రెండుసార్లు కార్యాలయానికి వెళ్ళింది. ఫైలు రాజధానిలో ఉందన్నారు. మూడోసారి వెళదామనుకుంటుండగా పెళ్ళిళ్ళ కుట్టు మీద పడింది.

జూన్ రెండో వారం, గురువారం, ఉదయం పది దాటాక వాన మొదలైంది. చినుకులతో రాలేదు, ఒక్కసారే కుమ్మరించింది. మెన్సిమా అలవాటుగా కత్తిరింపుల బస్తా పైకెత్తి, గుమ్మం దగ్గర నిలబడింది. నీళ్ళు రోడ్డు అంచునే పరుగెత్తి జాలీల్లోకి దూకుతున్నాయి. గంట గడిచినా వీధి మధ్యన తారు కనిపిస్తూనే ఉంది. ఒక్కొక్కరే ఇళ్ళలోంచి బయటికొచ్చారు. డాడ్జీ గొడుగు వేసుకుని నడిరోడ్డు మీద అటూ ఇటూ నడిచి చూపించాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టు ఎదురుగా ఉన్న మ్యాన్‌హోల్ మూత కింద నీళ్ళు రైలు పోతున్నట్టు హోరుమంటున్నాయి. క్వేసీ ఉంటే అనుకుని మెన్సిమా కళ్ళు తుడుచుకుంది. తరువాత లోపలికి వచ్చి, మర్నాటికి ఇవ్వవలసిన పెళ్ళిగౌను అంచు ముందేసుకుని కూర్చుంది. అరగంట కుట్టింది. ఆ అరగంట సంగతి ఆమె ఒటువాకి కూడా తరువాత చెప్పలేకపోయింది.

పాదాల కింద హోరు వింటూ వింటూ ఉండగా, ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయన్న ఆలోచన వచ్చింది. సూది గుడ్డలోనే వదిలేసి లేచింది.

పట్టాలు దాటేసరికి రోడ్డు లేదు. నడుంలోతు బురదనీళ్ళు. చేపలగంపలు, గిన్నెలు, ఒక కోళ్ళగూడు కొట్టుకుపోతున్నాయి. ఉప్పువాడ నడిమధ్యన పాత మ్యాన్‌హోల్ మూత ఎగిరిపోయి, ఆ కన్నంలోంచి నీళ్ళు స్తంభంలా నిలువునా లేస్తున్నాయి. ఆ వాడలో వరద ఎప్పుడూ మెల్లగానే వచ్చేది. మంచాలెత్తుకోవడానికి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ దాటించడానికి పూట వ్యవధి ఉండేది. ఈసారి వానకు తడిసిన బట్టలు పిండుకునేలోపే గుమ్మాలు మునిగాయని జనం అరుచుకుంటున్నారు.

ఒటువా ఆ ఉదయం పడవలొచ్చాయని చేపలు కొనడానికి ఒడ్డుకి పోయింది. వాన పెరుగుతుంటే పరుగున వచ్చింది. అప్పటికే ముందువైపు మట్టిగోడ కూలి తలుపుకి అడ్డం పడింది. నలుగురు మగవాళ్ళు రేకులు ఊడదీసి పైనుంచి దిగారు. మెన్సిమా చేరేసరికి కొబినాని కప్పు మీదుగా బయటికి తీసి పక్కింటి మెట్ల మీద పడుకోబెట్టారు. ఊపిరి లేదు. ఒటువా అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. మెన్సిమాని చూసి, "పొద్దునే గడ్డం గీశాను. ఇవాళెందుకే, ఎవరొస్తారు అన్నాడు" అంది. అదే మాట ఇంకో రెండుసార్లు అంది.

ఇల్లు నేలమట్టమైంది. ఒటువాని మెన్సిమా తన ఇంటికి తీసుకొచ్చి తన మంచం మీద పడుకోబెట్టింది. వీధిలో ఆడవాళ్ళు వంతులవారీగా చారు, కెంకీ అనే మొక్కజొన్న ముద్దలు తెచ్చిపెట్టారు. డాడ్జీ భార్య కూడా తెచ్చింది. అంత వాన ఎవరనుకున్నారు, దేవుడి పని అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. అన్నప్పుడల్లా మెన్సిమా లేచి వంటగదిలోకి పోయేది. పిల్లలు పెద్దత్త దగ్గర నుంచి కదలలేదు. చిన్నది ఆమె పక్కనే పడుకునేది.

శవాన్ని ఆస్పత్రి శీతలగదిలో ఉంచి, మూడు వారాల తరువాత శనివారానికి ఖననం పెట్టుకున్నారు. వంశంవాళ్ళందరికీ నల్లబట్టలు కుట్టవలసింది మెన్సిమాయే. విధవ వేసుకునే నల్ల గౌను కొలతలకి ఒటువా అద్దం ముందు నిలబడింది. పదిహేను రోజుల్లోనే సన్నబడిపోయింది. పాత కొలతలేవీ పనికిరావడం లేదు. మెన్సిమా నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, అంచు మడుస్తోంది. ఒటువా అద్దంలో తనను తాను చూసుకుంటూ, ఆ తూము మా వైపు కూడా వేసేసి ఉంటే బతికేవాడు కదే, మాకెందుకు వేయలేదో నువ్వైనా అడిగావా అంది. ఆమె ఎవరినీ తప్పుపట్టే గొంతుతో అనలేదు. మాటవరసకి అన్నట్టుగానే అంది.

మెన్సిమా సూదులన్నీ నోట్లోంచి తీసి నేల మీద పెట్టింది.

"వదినా, పైది ముందు వేయడానికి కమిటీ ఒప్పుకోవాలన్నారు. ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టాను."

ఒటువాకి అర్థం కాలేదు. మెన్సిమా మొదటి నుంచీ చెప్పింది. కింది నుంచి వేయవలసిన పని అని, ఒక్కరు కాదన్నా ఆగేదని, పైన పెద్దది వేస్తే నీళ్ళు ఎక్కడ లేస్తాయో ఇంజనీరు విడమరిచి చెప్పాడని. చెబుతున్నంతసేపూ గౌను అంచు వదల్లేదు.

"పెట్టేటప్పుడు నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"మేం గుర్తొచ్చామా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. చెబితే ఒటువా నమ్మేది కూడా. "గుర్తొచ్చారు" అంది మెన్సిమా. "మంచం కూడా గుర్తొచ్చింది. వానల్లోపు అయిపోతుందనుకున్నాను."

ఒటువా అద్దంలోంచి చూపు తిప్పలేదు. ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుంది.

"ఇక్కడింకా వదులుగా ఉంది చూడు" అంది.

మెన్సిమా లేచి భుజం దగ్గర గుడ్డ లాగి సూది పెట్టింది. సూది ఒంటికి గుచ్చుకుని ఒటువా ఉలిక్కిపడింది. కొలతలు పూర్తయ్యాక గౌను విప్పి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఖననం జరిగింది. ఒటువా చుట్టపక్కాలందరితో మాట్లాడింది, వచ్చినవాళ్ళతో చేతులు కలిపింది, పాటలు పాడింది. మెన్సిమా పెట్టిన పళ్ళెం మాత్రం ముట్టుకోలేదు. ఆదివారం చర్చిలో కృతజ్ఞత ప్రార్థన అయ్యాక పెద్దలు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పుడు ఒటువా అడిగితే ఇల్లు ఖాళీ చేయించడం ఒక్క పూట పని. మెన్సిమా అదే జరుగుతుందనుకుంది. జరిగితే బాగుండునని కూడా అనుకుంది. సోమవారం పెద్దలు బస్సెక్కారు. ఒటువా తన నాలుగు గుడ్డలూ మూటకట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇల్లు నాదని నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనను. నా తమ్ముడి పిల్లలున్నారిక్కడ. నువ్వూ ఉండు. నాకే ఈ పొడినేల మీద నిద్ర పట్టడం లేదు."

"ఎక్కడికి పోతావు వదినా? అక్కడేముంది?"

"పొయ్యిలున్నాయి" అంది ఒటువా.

ఉప్పువాడలో కూలకుండా మిగిలిన ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. పొగపొయ్యిలు మళ్ళీ మట్టితో మెత్తుకుంది. చేపల పొట్లం పెద్దమ్మాయి వెళితే ఇచ్చి పంపేది. తాను మాత్రం స్టేషన్ రోడ్డు ఎక్కలేదు.

మెన్సిమా మరో అర్జీ రాసింది. దీనిమీద ఎవరిచేతా సంతకాలు పెట్టించలేదు. ఏం జరుగుతుందో తెలిసే తాను మొదటి కాగితానికి ఒప్పుకున్నానని, దానివల్ల ఒక మనిషి చనిపోయాడని, కింది తూము వెంటనే వేయకపోతే ఇంకా పోతారని రాసింది. పట్టణ సభలో లేచి నిలబడి దాన్ని చదివింది. డాడ్జీ ఆ సాయంత్రమే కొట్టుకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు. నీ నెత్తిన నువ్వు బూడిద పోసుకో, మాకెందుకు పూస్తావన్నాడు. మర్నాటి నుంచి అతని ఇంటివాళ్ళ కుట్టు ఆగిపోయింది. సంగతి ఉప్పువాడకు తెలిసింది. అక్కడి ఆడవాళ్ళు కుట్టమని ఇచ్చిన గుడ్డల్ని కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. ఒకామె తన గుడ్డ తీసుకుని, గుమ్మం మీద ఉమ్మి వెళ్ళింది. మెన్సిమా రెండు మిషన్లు అమ్మేసింది. మంగళవారాలు మాత్రం మానలేదు. బల్ల వెనక గుమాస్తాలు ఆమెను ఇప్పుడు ఏ పేరుతోనూ పిలవడం లేదు. వస్తే తల వంచుకుని ఫైళ్ళు చూసుకునేవారు. ఎసుమాన్‌ని వేరే ఊరు పంపేశారని అక్కడే తెలిసింది.

ఆ ఎండాకాలంలో కూడా పని మొదలుకాలేదు. మళ్ళీ వానలొచ్చాయి.

మొదటి మబ్బు పట్టగానే మెన్సిమా కొట్టుకి గొళ్ళెం పెట్టి ఉప్పువాడకి నడిచింది. ఒటువా గది బయట చూరు కింద నిలబడింది. ఒటువా చూసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. నీళ్ళు మ్యాన్‌హోల్ దగ్గర బుడగలు కక్కడం మొదలుపెట్టగానే మెన్సిమా లోపలికి వెళ్ళి చేపల జల్లెడలు అటక మీదికి ఎత్తడం మొదలుపెట్టింది. ఒటువా అందిస్తుంటే అందుకుంది. మంచం ఎత్తారు, బియ్యం డబ్బా ఎత్తారు, పక్కింటి ముసలామెను ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని చర్చి అరుగు మీదికి చేర్చారు. నీళ్ళు తగ్గాక బురద తోడారు. ఒక్క మాట లేదు. సాయంత్రానికి మెన్సిమా ఇంటికొచ్చింది.

ఆ జూన్ జూలై నెలల్లో ఆమె అలా పదకొండుసార్లు వెళ్ళింది. ఉప్పువాడ ఆడవాళ్ళు మొదట పక్కకి తప్పుకునేవారు. తరువాత తరువాత, ఇదిగో ఇటు పట్టు అని పనికి పిలిచేవారు, అంతకుమించి మాట్లాడేవారు కాదు. ఒటువా మాత్రం పని కూడా చెప్పలేదు. ఏం చేయాలో మెన్సిమాకి తెలుసు గనక చేసేది. ఒకసారి బురదలో కాలు జారి పడితే ఒటువా చెయ్యి ఇచ్చి లేపింది. లేపి వెంటనే వదిలేసింది.

ఆ వానలు వెళ్ళాక నవంబరులో యంత్రాలు ఉప్పువాడలో దిగాయి. పదకొండు పాకలనూ ఉప్పుమళ్ళ పక్కకి జరిపారు. ఒటువా పొయ్యిలు కూడా కదపవలసి వచ్చింది. పాత గొట్టం తీసి, పైవాటి కొలతకే పెద్ద తూములు ఉప్పుటేటిదాకా వేశారు. ఫిబ్రవరి ఆఖరుకి పని పూర్తయింది. పట్టణ పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించారు. ఉపన్యాసాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తలేదు.

మేనెలలో మొదటి పెద్ద వాన పడింది. మెన్సిమా గొళ్ళెం పెట్టి బయలుదేరింది. పట్టాలు దాటింది. రోడ్డు మీద నీళ్ళు లేవు. మ్యాన్‌హోల్ మూత బిగువుగా ఉంది, కింద నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్లలు వానలో ఆడుకుంటున్నారు. ఒటువా చూరు కింద పీట మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. మెన్సిమా ఎప్పటిలాగే చూరు అంచున నిలబడింది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

ఒటువా చేతిలో చేప తోమడం ముగించి గంపలో వేసింది. దాదాపు రెండేళ్ళ తరువాత మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

"నీళ్ళు రావింక. ఇంటికి పో" అంది.

ఆ మాటలో కోపం లేదు. పిలుపు కూడా లేదు. ఇంకో చేప తీసుకుని కత్తి పెట్టింది. మెన్సిమా ఇంకాసేపు నిలబడింది. లోపల గోడకి కొబినా ఫోటో, పడవలో నిలబడి తీయించుకున్నది, కొత్త చట్రంలో వేలాడుతోంది. ఎత్తడానికి ఏమీ లేదు, తోడడానికి బురద లేదు. ఆమె కట్టుగుడ్డ అంచు పిండుకుని పట్టాల వైపు నడిచింది. ఆ తరువాత వానలకి ఉప్పువాడ వెళ్ళడానికి ఆమెకు ఏ వంకా దొరకలేదు.